బుడమేటి పాలు

అన్నదమ్ములు ఆస్తి పంచుకొనునప్పుడు పెద్దవాని పాలెంత, చిన్నవాని పాలెంత, తల్లి మనువర్తి యెంత యని పెద్దమనుష్యులు కూర్చుండి తేల్చుదురు. ఆ భూమిమీదుగా తరతరములనుండి పారుచున్న వాగు పాలెంత యని యడిగినవారిని నేనెరుగను. బెజవాడలో నట్లు పాలు దక్కని వాగు బుడమేరు.

ఇది మైలవరపు కొండలలో పుట్టి, బెజవాడ నొరసికొనుచు తూర్పునకు సాగి, కొల్లేటిలో కలియును. వెలగలేరు కడ దీనికి తలుపుల కట్ట నిర్మించి, వరదనీటిని మళ్లింపు కాలువగుండ కృష్ణకు పంపుచున్నారు. ఏర్పాటు మంచిదే. కాని కృష్ణయు నిండియున్న దినమున ఆ నీరెచటికి పోవలెను? 2024 వ సంవత్సరము ఆగస్టు కడపట కురిసిన కుంభవృష్టి అట్టి దినమునే తెచ్చిపెట్టెను. సెప్టెంబరు 2 వ తేదీన ప్రకాశము బ్యారేజీ వద్ద కృష్ణ 11 లక్షల 43 వేల క్యూసెక్కులతో పారినది. మళ్లింపు కాలువకు మూడు గండ్లు పడినవి. సింగునగరు, పాయకాపురము, రాజరాజేశ్వరీపేట దినములతరబడి నీట నుండెను.

మా ఆటోనగరులో లారీలకు బాడీలు కట్టువారు, ఇంజనులు విప్పి బిగించువారు కొందరు ఆ పేటలలో కాపురముండువారే. వరద తీసిన పిదప వారి యిండ్ల స్త్రీలు కుట్టుమిషనుల బురద కడుగుకొనుట చూచితిని. “వాగులో ఇల్లు కట్టినందుకు ఫలమిది” యని మెరకనున్నవారు కొందరనిరి. ఆ మాట నాకు సమ్మతము కాదు. చౌకగా దొరికినదని నాలుగు గజములు కొన్న కూలివాడు వేరు, వాగు గట్టును చదునుచేసి గజముల లెక్కన నమ్మినవాడు వేరు. అమ్మినవాని గడపకు నీరు రాలేదు.

ఇక కొల్లేటి మాట. కృష్ణా గోదావరుల నడుమనున్న ఈ మంచినీటి సరస్సునకు బుడమేరు, తమ్మిలేరు మున్నగునవి నీరు తెచ్చును; సముద్రమునకు చేర్చునది ఉప్పుటేరొక్కటియే. 1999 లో 308 చదరపు కిలోమీటర్ల మేరను పక్షులకు అభయస్థానముగా ప్రకటించిరి. 2002 లో చిత్తడినేలల రక్షణకై పలుదేశములు చేసికొన్న రామ్‌సారు ఒడంబడిక పట్టికలో నిది చేరినది. అయినను చేపలచెరువుల గట్లు సరస్సు గర్భమును గళ్లుగళ్లుగా కోసివేసినవి. 2006 లో ప్రభుత్వమువారు ఆ గట్లను పగులగొట్టించిరి. కొన్నేండ్లకే చాలచోట్ల మరల లేచినవి. విచిత్రమేమి? చేపకు వెల కలదు; ఆటపాకలో గూళ్లు కట్టుకొను గూడబాతునకు వెల లేదు. నీరు నిలువదగిన తావు తగ్గినకొలది ఎగువ పొలములు మునుగునన్న లెక్కయు దస్తావేజులలో నెక్కదు.

అమెరికాలో ఆల్డో లియోపోల్డను అటవీశాస్త్రజ్ఞు డుండెను. అతడు 1948 లో మరణింపగా మరుసటియేట వెలువడిన యతని గ్రంథము, మనుష్యులు తమలో పాటించు ధర్మమును మన్నునకు, నీటికి, చెట్టుచేమలకు, మృగములకు కూడ విస్తరింపవలెననియు, మనము భూమికి యజమానులము కాక ఆ కుటుంబములోని వారమనియు బోధించినది. మనకిది బొత్తిగా క్రొత్త కాదు. భాగవతములో పృథుచక్రవర్తి విల్లెక్కుపెట్టగా భూదేవి గోరూపమున పరుగెత్తి, తుదకు తగిన దూడను తెచ్చినయెడల కోరినదెల్ల నిచ్చెదనన్నది. దూడ లేనిదే ఆవు చేపదు. దూడ పాలు దూడకు విడిచియే పిదుకవలెనని పాడిగల యింటి యిల్లాలికి వేరుగ చెప్పనక్కరలేదు. క్షీరమునకును భాగమునకును మన భాషలో ‘పాలు’ అను నొక్క మాటయే యుండుట నాకు ముచ్చటగా నుండును.

ఇంటి స్థలము చూడబోయినప్పుడు మనమేమడుగుదుము? వాస్తు, వీధిపోటు, బజారెంత దూరము. పురుషులు ధర తెగ్గొట్టుచుండగా మనమడుగదగినది మరియొకటి కలదు: ఈ నేలమీద వాననీరు పూర్వమెటు పోయెడిది? ఊరి ముసలివారికి తెలియును. రెవెన్యూవారి పటములో వాగు పోరంబోకు గీసియుండును. స్థలము ఆ గీతలలో పడెనా, ధర సగమైనను బయానా ఇయ్యక లేచి రావలెను. మా పొరుగామె యిట్లడిగినప్పుడు మధ్యవర్తి నవ్వెనట. పటము తెచ్చి చూపుమన్నప్పుడు నవ్వలేదట.