చరిత్ర, పౌరశాస్త్ర బోధన: వార్తను తూచి చూసే చదువు

ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రానికి దక్కే గౌరవం తక్కువ. లెక్కలు, విజ్ఞానశాస్త్రం బ్రతుకుతెరువు చూపుతాయనీ, చరిత్ర, పౌరశాస్త్రం బట్టీపట్టి గట్టెక్కవలసినవనీ తల్లిదండ్రులే కాదు, కొందరు ఉపాధ్యాయులు కూడా భావిస్తారు. కాని పదమూడు మొదలు పదహారేళ్ళ వయస్సులో పిల్లలు తమ సమాజాన్ని గురించీ, ఇరుగుపొరుగు వారిని గురించీ ఏర్పరచుకునే అభిప్రాయాలకు ఈ రెండు పాఠాలే చాలావరకు పునాది వేస్తాయి.

ముస్లిం విద్యార్థుల విషయంలో ఇది మరింత నిజం. గజనీ మహమూద్ దండయాత్రల పాఠం వచ్చినప్పుడు కొందరు తల వంచుకుంటారు. తాజ్‌మహల్ ప్రసక్తి రాగానే వారే రొమ్ము విరుచుకుంటారు. ఈ సిగ్గు గాని, ఈ గర్వం గాని చరిత్రజ్ఞానం కాదు. గతించిన వారి కర్మలు వారివే, వాటిని గురించి మనల్ని ప్రశ్నించడం జరగదన్నది బఖరా సూరా 134వ ఆయతు భావం. రాజు చేసిన దౌర్జన్యానికి నేటి బాలుడు జవాబుదారు కాడు. రాజు కట్టించిన కట్టడం అతని సొంత ఘనతా కాదు. మరి అతని బాధ్యత ఏమిటి? నిజం పలకడం. తనకు, తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకమైనా సరే న్యాయంగా సాక్ష్యం పలకాలని నిసా సూరా 135వ ఆయతు బోధిస్తున్నది. వచ్చిన వార్తను విచారించి తెలుసుకోవాలని హుజురాత్ సూరా 6వ ఆయతు హెచ్చరిస్తున్నది. చరిత్ర తరగతికి ఈ రెండు సూత్రాలు చాలు.

ఇబ్నె ఖల్దూన్ చూపిన మార్గం

హదీసువేత్తలు వార్తను తెచ్చిన రావీ ఎవరని ప్రశ్నించారు. ఇబ్నె ఖల్దూన్ (1332–1406) మరొక అడుగు ముందుకు వేశాడు. అసలు అలా జరగడం సాధ్యమేనా అని అడిగాడు. 1377లో రచించిన ‘ముఖద్దిమా’లో ఆయన మస్ఊదీ వంటి గొప్ప చరిత్రకారుణ్ణి సైతం ఉపేక్షించలేదు. హజ్రత్ మూసా (అ) సైన్యం 6 లక్షలకు పైబడినదన్న కథనాన్ని తీసుకుని, అంత సైన్యాన్ని ఆ ప్రదేశం ఎలా పోషించగలదు, ఒక కొనన జరిగేది మరొక కొనకు తెలియనప్పుడు యుద్ధం ఎలా నడుస్తుంది అని తర్కించాడు. పక్షపాతం, చెప్పినవారి మీద గుడ్డినమ్మకం, సమాజ స్వభావాన్ని ఎరుగకపోవడం వల్ల చరిత్రలో అసత్యాలు చేరతాయని వివరించాడు.

బోధనను గురించి కూడా ఆయన వ్రాశాడు. ఒక విద్యను మూడు ఆవృత్తులుగా నేర్పాలంటాడు. మొదట స్థూలరూపం, తరువాత వివరాలూ భిన్నాభిప్రాయాలూ, చివరకు చిక్కుముడులన్నీ. మన తరగతులలో తరచు మొదటి ఆవృత్తితోనే పాఠం ముగుస్తున్నది. పిల్లల పట్ల కాఠిన్యం వారిలో అబద్ధాన్ని, కపటాన్ని పెంచుతుందని కూడా ఆయన హెచ్చరించాడు. ప్రశ్న అడగడానికి భయపడే తరగతిలో చరిత్ర నేర్పడం సాధ్యం కాదు.

ఒక సంఘటన, నాలుగు పేర్లు

ఉదాహరణకు 1857ను తీసుకుందాం. మొదటి ఆవృత్తిలో సంఘటనను ఉన్నదున్నట్లు చెప్పాలి. ఆ సంవత్సరం జూలై 17న హైదరాబాదులో మౌల్వీ అల్లావుద్దీన్, తుర్రెబాజ్ ఖాన్‌ల నాయకత్వంలో రొహిల్లాలు, మరికొందరు కోఠీలోని బ్రిటిషు రెసిడెన్సీపై దాడి చేశారు. నిర్బంధంలో ఉన్న జమాదారు చీదా ఖాన్‌ను, అతని సహచరులను విడిపించాలన్నది వారి ఉద్దేశ్యం. దాడి విఫలమైంది. మౌల్వీని అండమానుకు పంపారు. తుర్రెబాజ్ ఖాన్ చెర నుండి తప్పించుకుని 1859లో హతుడయ్యాడు.

రెండవ ఆవృత్తిలో నల్లబల్ల మీద నాలుగు పేర్లు వ్రాయాలి: మ్యూటినీ, గదర్, సిపాయిల తిరుగుబాటు, ప్రథమ స్వాతంత్ర్య సంగ్రామం. ఏ పేరు ఎవరి నోటి నుండి వచ్చిందని పిల్లలను అడగాలి. గదర్ అనే మాటకు మూలమైన అరబీ పదానికి ద్రోహం అని అర్థం. అదే మాట ఉర్దూ వాడుకలో తిరుగుబాటుకు పేరై స్థిరపడింది. అనువాదం చేసేవారికి ఇది నిత్యానుభవమే: పేరు పెట్టినప్పుడే తీర్పు కూడా చెప్పినట్లవుతుంది.

మూడవ ఆవృత్తిలో చిక్కుప్రశ్న. దాడిచేసిన నాయకులు ముస్లిములు. ఆనాడు బ్రిటిషువారి పక్షాన నిలిచిన నిజాం అఫ్జలుద్దౌలా కూడా ముస్లిమే, ఆయన దివాను సాలార్ జంగ్ కూడా ముస్లిమే. అయితే ఇది మతాల మధ్య పోరా, రాజ్యాధికారం మీద పోరా? ఈ ప్రశ్నను ఎదుర్కొన్న విద్యార్థి ఒక సముదాయాన్నంతటినీ ఒకే గాటన కట్టడానికి ఇక ఎన్నడూ తొందరపడడు.

పౌరశాస్త్రంలోనూ ఇదే నియమం

చరిత్రలో మూలసాక్ష్యం ఎటువంటిదో, పౌరశాస్త్రంలో రాజ్యాంగ పాఠం అటువంటిది. “మాకు మతస్వేచ్ఛ ఉన్నది” అని విద్యార్థి అంటే, 25వ అధికరణం తెరిచి పూర్తిగా చదివించాలి. ఆ హక్కు ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి లోబడి ఉన్నదని అప్పుడే తెలుస్తుంది. విద్యాసంస్థలను స్థాపించి నడుపుకునే హక్కును 30వ అధికరణం మతపరమైన అల్పసంఖ్యాకులకే కాక భాషాపరమైన వారికి కూడా ఇచ్చిందని చూపాలి. ప్రాథమిక విధులు మొదటి రాజ్యాంగంలో లేవనీ, 1976లో 42వ సవరణ ద్వారా చేరాయనీ చెబితే, రాజ్యాంగం మారుతూ వచ్చిన గ్రంథమని బోధపడుతుంది.

హక్కులు వాదోపవాదాల నుండి పుట్టాయని కూడా పిల్లలు గ్రహించాలి. రాజ్యాంగ సభలో మద్రాసుకు చెందిన ముహమ్మద్ ఇస్మాయీల్ ముస్లిములకు ప్రత్యేక నియోజకవర్గాలు కావాలని వాదించారు. ఆ సభలోని ఏకైక ముస్లిం మహిళ బేగం ఐజాజ్ రసూల్ వాటిని వ్యతిరేకించారు. ఈ చర్చలు అచ్చయి అందరికీ అందుబాటులో ఉన్నాయి. తరగతిని రెండు జట్లుగా విభజించి, ప్రతి జట్టు చేత మొదట తాను ఒప్పుకోని పక్షం వాదాన్ని చెప్పించడం మేలైన అభ్యాసం. ఎదుటివాని మాటను అతడు మెచ్చేలా చెప్పగలిగిన తరువాతనే దానిని ఖండించే అర్హత వస్తుంది.

పరీక్షలు ఉన్నంతకాలం తేదీలు కంఠస్థం చేయక తప్పదు. అందుకు విరోధం లేదు. కాని ప్రతి పాఠం చివర ఐదు నిమిషాలు మిగిల్చి, “ఈ మాట ఎవరు చెప్పారు? వారికెలా తెలిసింది?” అని అడిగే అలవాటు చేయాలి. చేతిలోని ఫోనుకు క్షణానికొక వదంతి వచ్చిపడుతున్న ఈ కాలంలో, వచ్చిన మాటను ముందుకు పంపే ముందు ఆగి ఈ రెండు ప్రశ్నలు వేసుకునే యువకుడు ఒక వీధిని కాపాడగలడు. అటువంటి ఒక్కణ్ణి తయారుచేసినా ఆ ఉపాధ్యాయుని శ్రమ వృథా పోలేదు.