మూడు భాషల మన పిల్లలకు ఇంగ్లీషు పేపరు భయం ఎందుకు?



మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో కన్నడంలో చదువుతారు, ఉద్యోగం పరీక్షకు పోతే ఇంగ్లీషు ఎదురొస్తుంది. లెక్కల్లో ముందుండే పిల్లలు కూడా అక్కడే ఆగిపోతున్నారు. గుమాస్తాగా పనిచేసి రిటైరైన నాకు తెలిసిన నాలుగు మాటలు చెబుతాను.

ముందు ఏ పరీక్షలో ఇంగ్లీషు ఎంతో తెలుసుకోవాలి. మన రాష్ట్రంలో ఎఫ్‌.డి.ఎ., ఎస్‌.డి.ఎ. పరీక్షల్లో జనరల్ కన్నడ, జనరల్ ఇంగ్లీషులలో ఒక పేపరు ఎంచుకునే వీలుంది. రైల్వే ఎన్‌.టి.పి.సి.లో ఇంగ్లీషు విభాగమే లేదు. కానీ ఎస్‌.ఎస్‌.సి. సి.జి.ఎల్. మొదటి దశలో 100 ప్రశ్నల్లో 25 ఇంగ్లీషువే. ఒక్కోదానికి 2 మార్కులు, తప్పుకు అర మార్కు కోత. ఐ.బి.పి.ఎస్. క్లర్కు ప్రిలిమ్స్‌లో 30 ప్రశ్నలు ఇంగ్లీషు. అక్కడ ప్రతి విభాగంలోనూ కటాఫ్ దాటాలి. లెక్కల్లో ఎన్ని మార్కులు వచ్చినా ఇంగ్లీషులో తప్పితే మెయిన్స్‌కు పోలేరు. ప్రశ్నపత్రం కన్నడంలోనో తెలుగులోనో తీసుకున్నా, ఆ విభాగం ఇంగ్లీషులోనే ఉంటుంది.

ఇక వ్యాకరణం. మన తప్పుల్లో చాలావరకు మన భాష నుంచే వస్తాయి. అందుకే వాటిని పట్టుకోవడం సులభం.

మొదటిది ‘నుంచి’. ‘రెండేళ్ల నుంచి’ అన్నా, ‘2019 నుంచి’ అన్నా మనకు ఒకే మాట. కన్నడంలోనూ అంతే, రెండిటికీ ‘ఇంద’. ఇంగ్లీషులో ఎంతకాలమో చెబితే ‘ఫర్’, ఎప్పుడు మొదలైందో చెబితే ‘సిన్స్’. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ‘సిన్స్ త్రీ మంత్స్’ అని డ్రాఫ్టు రాస్తే, పై అధికారి ఎర్ర సిరాతో సున్నా చుట్టి పంపారు. ఆ సున్నా ఇప్పటికీ కళ్లముందే ఉంది.

రెండోది ‘గురించి’. ‘దాని గురించి చర్చించాం’ అనే అలవాటుతో ‘డిస్కస్ అబౌట్’ అని రాస్తాం. ‘డిస్కస్’ తర్వాత ‘అబౌట్’ అక్కర్లేదు.

మూడోది ‘కంటే’. ‘కాఫీ కంటే టీ ఇష్టం’ అన్నదాన్ని ‘ప్రిఫర్’తో చెప్పేటప్పుడు ‘దాన్’ రాదు, ‘టు’ వస్తుంది: ‘ఐ ప్రిఫర్ టీ టు కాఫీ’.

తెలుగు సాయం చేసే చోట్లూ ఉన్నాయి. ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’ అని చాలామంది పొరపాటు చేస్తారు. ‘నా స్నేహితుల్లో ఒకడు వచ్చాడు’ అని తలచుకోండి. స్నేహితులు బహువచనం, వచ్చాడు ఏకవచనం. ఇంగ్లీషులోనూ అంతే: ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ హ్యాజ్ కమ్’.

పదాలను జాబితా పెట్టుకుని బట్టీ పట్టకండి. సుగుణం, దుర్గుణం అన్నప్పుడు ‘సు’, ‘దుర్’ చూసే మంచి చెడు తెలుసుకుంటాం కదా. అలాగే ‘బెనె’ అంటే మంచి: బెనిఫిట్, బెనెవొలెంట్. ‘మాల్’ అంటే చెడు: మాలిస్, మాల్‌న్యూట్రిషన్. ఒక మూలం తెలిస్తే నాలుగు పదాలు దొరుకుతాయి. రోజుకు ఐదు పదాలు చాలు, ఒక్కోదానితో మన ఊరి సంగతి ఒక వాక్యం రాయండి. మర్నాడు ఒకసారి, వారానికి ఒకసారి తిరగేయండి.

అన్నిటికంటే ముఖ్యం తప్పుల పుస్తకం. పాత ప్రశ్నపత్రం చేసి, తప్పిన ప్రశ్న, సరైన జవాబు, కారణం ఒక నోటుపుస్తకంలో రాయండి. నెల తిరిగేసరికి మీరు చేసేవి పది పన్నెండు రకాల తప్పులేనని మీకే తెలుస్తుంది. పరీక్ష ముందురోజు కొత్త గైడు తెరవకుండా ఆ పుస్తకమే చదవండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఇంగ్లీషు రావాలని ఇంట్లో తెలుగు మానిపించకండి. కైవారం తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ పాడిన నేల మనది. రెండు భాషలు మోసిన పిల్లలకు మూడోది బరువు కాదు. రోజుకు అరగంట, ఒక నోటుపుస్తకం ఉంటే చాలు.