పటాలంలో ఎందరుంటారు?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొడుకును మిలిటరీకి పంపిన ఇంట్లో ఒక చిరునామా అందరికీ కంఠతా వచ్చి ఉంటుంది. అందులో ఊరి పేరుండదు, జిల్లా ఉండదు. సైనికుడి నంబరు, హోదా, పేరు, కంపెనీ, యూనిట్, చివర ‘కేరాఫ్ 56 ఏపీఓ’ లేదా ‘కేరాఫ్ 99 ఏపీఓ’. పలాసలోనో టెక్కలిలోనో పోస్టు చేసిన కవరు 56 అయితే ఢిల్లీలోని, 99 అయితే కోల్‌కతాలోని సైనిక తపాలా కేంద్రానికి చేరుతుంది. ఆ యూనిట్ ఏ కొండ మీద ఉందో తెలిసేది అక్కడివాళ్లకే. కుర్రాడు ఎక్కడున్నాడో ఇంటికి తెలియకపోవచ్చు. ఎవరి మధ్య ఉన్నాడో మాత్రం కంపెనీ, యూనిట్ అన్న ఆ రెండు మాటలే చెబుతాయి. వాటి వెనక ఎంతమంది ఉంటారో తెలిస్తే సరిహద్దు వార్త విన్నప్పుడు దేనికి ఎంత కంగారు పడాలో కూడా తెలుస్తుంది.

పదాతి దళంలో లెక్క పదిమందితో మొదలవుతుంది. ఆ గుంపు పేరు సెక్షన్. దాన్ని నడిపేది సాధారణంగా హవల్దార్. లోపల మళ్లీ ఇద్దరిద్దరుగా జంటలు కడతారు, వీళ్లను బడ్డీలంటారు. ఒకడు కునుకు తీస్తే రెండోవాడు కాపలా కాస్తాడు. ఒకడు ముందుకు పరుగెడితే రెండోవాడు కాల్పులతో అతన్ని కాచుకుంటాడు. ఇదే గుంపులో అమెరికా సైన్యం తొమ్మిది మందిని, బ్రిటన్ ఎనిమిది మందిని ఉంచుతాయి. ఏ దేశమైనా ఈ అంకెకు అటూ ఇటూగానే ఆగింది. తుపాకుల మోతలో ఒక మనిషి కేక అంతకుమించి ఎక్కువమందికి వినపడదు.

మూడు సెక్షన్లు కలిస్తే ప్లటూన్, ముప్పైమందికి కాస్త పైన. దీనికి పెద్ద సుబేదారో నాయబ్ సుబేదారో, ఒక్కోచోట కొత్తగా వచ్చిన లెఫ్టినెంటో. సుబేదార్ అంటే సిపాయిగా చేరి, ఏళ్ల తరబడి సర్వీసు చేసి ఎదిగినవాడు. బూట్లు కరిస్తే వచ్చే కాలి బొబ్బ దగ్గర్నుంచి ఇంటి మీద బెంగ దాకా కొత్త కుర్రాడి కష్టాలన్నీ అతనికి సొంత అనుభవమే. మూడు ప్లటూన్లు ఒక కంపెనీ, సుమారు 120 మంది. ఇక్కడి నుంచి నాయకత్వం అధికారులది. కంపెనీని మేజర్ నడుపుతాడు.

కంపెనీ ఎంత పని చేయగలదో కార్గిల్ యుద్ధంలో 1999 జూన్ 28న ద్రాస్‌లో తెలిసింది. హైదరాబాద్‌కు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య అప్పుడు 2 రాజ్‌పుతానా రైఫిల్స్‌లో కంపెనీ కమాండర్. మందుపాతరలు, మెషిన్ గన్లు కాచుకున్న కొండ స్థావరం మీదికి తన వాళ్లను తీసుకెళ్లాడు. గాయపడి కదల్లేని స్థితిలోనూ తనను వదిలి ముందుకు సాగమని ఆజ్ఞాపించాడు. స్థావరం చిక్కింది, ఆయన ప్రాణం పోయింది. మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు.

నాలుగు రైఫిల్ కంపెనీలకు ఆయుధాల సాయం, వంట, వైద్యం, రవాణా, సిగ్నల్స్ చూసేవాళ్లు తోడైతే బెటాలియన్. ఎనిమిది వందల పైచిలుకు మనుషులు, వాళ్ల మీద ఒక కల్నల్. పదాతి సైనికుడి చిరునామాలోని యూనిట్ ఇదే. జవాన్లు దీన్నే ‘పల్టన్’ అంటారు. సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్‌బాబు 16 బిహార్‌కు కమాండింగ్ ఆఫీసర్. అంటే బిహార్ రెజిమెంట్‌లోని పదహారో బెటాలియన్ ఆయన చేతి కింద ఉండేది. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో ఆయనతో కలిపి 20 మంది అమరులయ్యారు. ఎనిమిది వందల మందికి పెద్దదిక్కైన మనిషి స్వయంగా ముందు నిలబడ్డాడంటే ఆ రాత్రి తీవ్రత ఎంతటిదో ఊహించుకోవచ్చు.

రెజిమెంట్ దగ్గర చాలామంది తికమక పడతారు. మన పదాతి దళంలో రెజిమెంట్ అంటే ఒకేచోట నిలిచి పోరాడే దళం కాదు, ఇంటిపేరు లాంటిది. వెల్లింగ్టన్‌లో శిక్షణ కేంద్రమున్న మద్రాస్ రెజిమెంట్‌నే చూడండి. దాని బెటాలియన్లు ఒకటి కశ్మీర్‌లో, ఒకటి ఈశాన్యంలో ఉండొచ్చు. ఫిరంగి దళంలో మాత్రం రెజిమెంట్ అంటే నిజంగానే ఒక యూనిట్: ఆరేసి ఫిరంగుల బ్యాటరీలు మూడు, మొత్తం 18. ట్యాంకుల రెజిమెంట్‌లో 45 దాకా ట్యాంకులుంటాయి.

ఆ పైన అంకెలు గబగబా పెరుగుతాయి. మూడు బెటాలియన్లు ఒక బ్రిగేడ్. మూడు నాలుగు బ్రిగేడ్లకు ఫిరంగులు, ఇంజనీర్లు కలిస్తే డివిజన్, పదిహేను వేలకు అటూ ఇటూ. కొన్ని డివిజన్లు ఒక కోర్. అందుకే టీవీలో ‘డివిజన్ కదిలింది’ అంటే అది పెద్ద వార్త, ‘కంపెనీ కదిలింది’ అంటే మామూలు మార్పిడి కావచ్చు.

వైమానిక దళంలో లెక్క మనుషులతో కాదు, విమానాలతో. యుద్ధవిమానం ఒంటరిగా పోరుకు దిగడం అరుదు. ముందొకటి, దాన్ని కాస్తూ పక్కన ఇంకొకటి. ఇలాంటి జంటలతో ఫ్లైట్లు, ఫ్లైట్లతో స్క్వాడ్రన్. స్క్వాడ్రన్‌లో 16 నుంచి 18 యుద్ధవిమానాలుంటాయి. దాన్ని నడిపేది స్క్వాడ్రన్ లీడర్ కాదు, వింగ్ కమాండరో గ్రూప్ కెప్టెనో! దేశానికి మంజూరైనవి 42 యుద్ధ స్క్వాడ్రన్లు. 2025 సెప్టెంబరు 26న చివరి మిగ్-21లు విరమించాక మిగిలినవి 29. లోటు పదమూడు స్క్వాడ్రన్లంటే రెండు వందలకు పైగా విమానాలు; దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఉద్దానానికి దగ్గరి సైనిక విమానాలు విశాఖలోని ఐఎన్ఎస్ డేగావి. అవి నావికాదళానివి; అక్కడి 311 స్క్వాడ్రన్ డోర్నియర్లతో సముద్రం మీద గస్తీ తిరుగుతుంది.

ఈ కొలతలు యుద్ధానికే పరిమితం కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు. కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి, చెట్లు పడి దారులు మూసుకుపోయాయి. అలాంటి రోజున రంపాలు పట్టుకుని వచ్చే జాతీయ విపత్తు స్పందన దళం (ఎన్డీఆర్ఎఫ్) కూడా బెటాలియన్ల పద్ధతిలోనే ఉంది. సరిహద్దు భద్రతా దళం, సీఆర్పీఎఫ్ లాంటి బలగాల నుంచి వచ్చినవాళ్లే అందులో ఉంటారు. ఒక్కో బెటాలియన్‌కు 1,149 మంది, అందులో 45 మంది చొప్పున 18 సహాయక బృందాలు. ఆంధ్రను చూసే పదో బెటాలియన్ కృష్ణా జిల్లా కొండపావులూరులో ఉంది. తుపాను హెచ్చరికతో పాటు ‘జిల్లాకు రెండు బృందాలు’ అని ప్రకటన వస్తే నిండుగా లెక్కేసినా 90 మంది. ఉద్దానానికే ఏడు మండలాలు. కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా ఆ తొంభై మంది ఎలా సరిపోతారని కలెక్టరేట్‌ను ముందుగానే అడగడం ఇక్కడి జనం హక్కు.