ముందు పళ్ల మధ్య మూడో పన్ను ఎందుకొస్తుంది?

పాలపళ్లు 20, వాటి తర్వాత పెద్దయ్యాక ఉండాల్సినవి 32. ఈ లెక్క అందరికీ కుదరదు. కొందరికి పైదవడలో రెండు ముందు పళ్ల మధ్య మేకులాంటి చిన్న పన్ను అదనంగా మొలుస్తుంది. దంతవైద్యులు దాన్ని ‘మీసియోడెన్స్’ అంటారు. అదనపు పళ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. అమ్మాయిల్లో కంటే అబ్బాయిల్లో ఎక్కువ.

ఎలా వస్తుంది? తల్లి కడుపులో పిండానికి ఆరు వారాలప్పుడే దవడల అంచున పట్టీలాంటి కణాల పొర ఏర్పడుతుంది. పళ్ల మొగ్గలు దాన్నుంచే పుడతాయి. ఆ పొర అవసరానికి మించి చురుగ్గా ఉంటే ఇంకో మొగ్గ వేస్తుందని ఎక్కువమంది శాస్త్రవేత్తల అభిప్రాయం. జన్యువుల పాత్ర కూడా ఉంది.

ఇంతకంటే తమాషా జంట పన్ను! రెండు మొగ్గలు కలిసిపోతే ఒకే వెడల్పాటి పన్ను వస్తుంది. ఒకే మొగ్గ రెండుగా చీలబోయి మధ్యలో ఆగిపోయినా అలాగే ఉంటుంది. ఏది ఏదో ఎలా తెలుస్తుంది? జంటను ఒకటిగా లెక్కపెట్టండి. మొత్తంలో ఒకటి తగ్గితే కలిసినవి, సరిపోతే చీలబోయినది. అదనపు పన్నుతో కలిసిపోయిందా, ఈ చిట్కా పారదు!

మీసియోడెన్స్ ఒక్కోసారి చిగురు లోపలే ఉండిపోయి అసలు పన్నుకు అడ్డుపడుతుంది. ఒక ముందు పన్ను వచ్చి ఆర్నెల్లు దాటినా పక్కది రాకపోతే డాక్టరు ఎక్స్‌రే తీయించేది అందుకే.