ఆటగాడు గురువైన వేళ

ద్రాక్షారామ భీమేశ్వరుని దర్శించి, కోటిపల్లి రేవులో గౌతమిని దాటినవారు కోనసీమలో అడుగుపెడతారు. ఆ సీమలో పెద్ద పట్టణం అమలాపురం. రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ అక్కడివాడే. తండ్రి వ్యాయామోపాధ్యాయుడు. 2014లో ఈ బాలుడు ఊరు విడిచి హైదరాబాదులోని పుల్లెల గోపీచంద్ అకాడమీలో చేరాడు. ఆ అకాడమీ ఎలా వెలిసిందో తెలియాలంటే దాని స్థాపకుని కథ తెలియాలి.

గోపీచంద్ 1973 నవంబరు 16న నాటి ప్రకాశం జిల్లా నాగండ్లలో జన్మించారు. బాల్యంలో ఆయన మనసు క్రికెట్టుపై ఉండేది. అన్నగారి ప్రోత్సాహంతో బ్యాడ్మింటన్ వైపు మళ్ళారు. అన్నగారు ఐ.ఐ.టి.లో సీటు సంపాదించి ఆట మానివేశారు. ఇంజనీరింగు ప్రవేశ పరీక్ష తప్పిన తమ్ముడు ఆటలోనే మిగిలిపోయారు. అప్పటికి అది ఓటమిగానే కనిపించి ఉంటుంది!

1994లో పుణేలో జరిగిన జాతీయ క్రీడలలో డబుల్స్ ఆడుతుండగా ఆయన మోకాటి లిగమెంటు తెగింది. పరుగు, దూకుడు, చటుక్కున తిరగడం ఇవే ప్రాణమైన ఆటలో మోకాలు దెబ్బతినడం సామాన్య విషయం కాదు. శస్త్రచికిత్సల అనంతరం తిరిగి రాకెట్ పట్టి, 1996 నుండి 2000 వరకు వరుసగా ఐదుసార్లు జాతీయ విజేతగా నిలిచారు. 2001 మార్చిలో బర్మింగ్‌హామ్‌లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించి ఆల్ ఇంగ్లండ్ కిరీటం గెలుచుకున్నారు. 1980లో ప్రకాశ్ పదుకొనే తరువాత ఆ గౌరవం పొందిన భారతీయుడు ఆయనే. ఆ విజయానంతరం శీతలపానీయ ప్రకటనకు అవకాశం వచ్చినా, తాను తాగనిదానిని ఇతరులను తాగమనలేనని నిరాకరించారు.

ఆట విరమించిన పిదప గచ్చిబౌలిలో అకాడమీ తలపెట్టారు. ప్రభుత్వం ఐదెకరాల స్థలమిచ్చింది కాని నిర్మాణానికి ధనం చాలలేదు. సొంత ఇంటినే తాకట్టు పెట్టారు. పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ ఐదు కోట్ల రూపాయల విరాళమిచ్చారు. 2008లో అకాడమీ ప్రారంభమైంది.

అక్కడి క్రమశిక్షణ కఠినమైనది. తెల్లవారకముందే సాధన మొదలవుతుంది. రియో ఒలింపిక్స్‌కు ముందు మూడు నెలలపాటు పి.వి. సింధు చేతిలో ఫోను కూడా ఉండనీయలేదు. గోపీచంద్ శిక్షణలో సైనా నెహ్వాల్ 2012లో లండన్‌లో కాంస్యం, సింధు 2016లో రియోలో రజతం సాధించారు.

సాత్విక్ సంగతి కొంత వేరు. మలేసియా శిక్షకుడు టాన్ కిమ్ హెర్ అతనిని ముంబయి యువకుడు చిరాగ్ శెట్టితో జత కలిపారు. 2022లో భారత్ తొలిసారి థామస్ కప్ గెలిచిన జట్టులో వీరిద్దరూ ఉన్నారు. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో ఈ జంట స్వర్ణం గెలిచింది. ఆ క్రీడల బ్యాడ్మింటన్‌లో భారతదేశానికి అదే మొదటి స్వర్ణం.