కేసు గెలిచినా బిడ్డ రాలేదు

కల్వకుర్తి చుట్టుపక్కల పల్లెల్లో వలస ఎరగని ఇల్లు అరుదు. పుణె, ముంబై వెళ్ళినవాళ్ళు కొందరు, గల్ఫ్‌కు వెళ్ళినవాళ్ళు కొందరు. అలా వలస వెళ్ళి, వేరే మతం వాళ్ళు ఎక్కువగా ఉండే దేశంలో స్థిరపడిన కుటుంబం తన పిల్లల్ని తన మతంలోనే పెంచుకోగలదా? ఈ ప్రశ్న మలేసియాలో అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్ళింది.

బ్రిటిష్ వాళ్ళ కాలంలో తోటల పనికి వెళ్ళిన తెలుగువాళ్ళ వారసులు ఆ దేశంలో ఇప్పటికీ ఉన్నారు. ఉగాది చేసుకుంటారు, పిల్లలకు తెలుగు నేర్పిస్తారు. రాజ్యాంగం ఇస్లాంను దేశ మతంగా చెబుతూనే, 11వ అధికరణలో ఎవరి మతాన్ని వాళ్ళు ఆచరించుకునే హక్కునూ ఇచ్చింది. చిక్కల్లా సంసారంలో మతమార్పిడి వచ్చినప్పుడే. షరియా కోర్టుల పరిధిలోని విషయాల్లో సివిల్ హైకోర్టులు కలగజేసుకోరాదని 1988లో రాజ్యాంగాన్ని సవరించారు. ముస్లిం కానివాళ్ళకు షరియా కోర్టులో వాదించుకునే వీలు లేదు. అటు తలుపు లేదు, ఇటు తలుపు మూసేశారు.

ఆ ఇరుకులో పడిన తల్లి ఇపో నగరానికి చెందిన ఎం. ఇందిరా గాంధీ. భారత సంతతి హిందువు, చిన్నపిల్లల బడిలో టీచరు. 2009లో భర్త ఇస్లాంలోకి మారి, ఆమెకు చెప్పకుండానే ముగ్గురు పిల్లలకూ మతమార్పిడి పత్రాలు తెచ్చుకున్నాడు. ఏడాదైనా నిండని చిన్నకూతుర్ని తీసుకుపోయాడు. న్యాయవాది ఎం. కులశేఖరన్ ఆమె తరఫున నిలబడ్డారు. 2013లో హైకోర్టు ఆ పత్రాలను కొట్టేసింది. 2015 డిసెంబరులో అప్పీలు కోర్టు ఆ తీర్పును రద్దు చేసింది. చివరికి 2018 జనవరి 29న అత్యున్నత న్యాయస్థానమైన ఫెడరల్ కోర్టులో ఐదుగురు న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా తేల్చారు: తల్లి, తండ్రి ఇద్దరూ ఒప్పుకోకుండా పిల్లల మతం మార్చడం చెల్లదు.

ఆ తీర్పు రాసింది జైనున్ అలీ అనే ముస్లిం మహిళా న్యాయమూర్తి. ఈ సంగతి గట్టిగా చెప్పుకోవాలి. మైనారిటీల హక్కు కోసం నిలబడటమంటే ఇస్లాంను తిట్టడం కాదు. పాకిస్తాన్‌లో దైవదూషణ కేసులో ఉరిశిక్ష పడిన క్రైస్తవ మహిళ ఆసియా బీబీ పక్షాన మాట్లాడినందుకు 2011 జనవరిలో పంజాబ్ గవర్నర్ సల్మాన్ తాసీర్‌ను సొంత అంగరక్షకుడే కాల్చి చంపాడు. ఆయనా ముస్లిమే. ఆసియా బీబీని ఆ దేశ సుప్రీంకోర్టు 2018 అక్టోబరులో నిర్దోషిగా విడుదల చేసింది.

ఇందిర గెలుపు మాత్రం సగంలోనే ఆగింది. తండ్రిని అరెస్టు చేయాలని కోర్టు పోలీసులను ఆదేశించినా, తీర్పు వచ్చాక ఏళ్ళు గడిచినా చిన్నకూతురు తల్లి దగ్గరకు చేరలేదు. కోర్టు మాటను అమలు చేయాల్సిన బాధ్యత మలేసియా ప్రభుత్వానిదే. ఆ పని చేయించడానికి ప్రపంచంలోని హక్కుల సంఘాలన్నీ ఆ తల్లి వెంట నిలవాలి.