కాలి ఆనెలు: బ్లేడు పెట్టకండి!

ఇబ్రహీంపట్నం చెరువు కట్ట మీద చెప్పుల్లేకుండా నడిచే రైతుకూ, బస్టాండు దగ్గర దుకాణంలో రోజంతా నిలబడే వ్యాపారికీ, షాబాద్ బండల మీద వట్టి కాళ్లతో తిరిగే ఇల్లాలికీ సామాన్యంగా వచ్చే బాధ ఒకటుంది. అదే ఆనెకాయ. ప్రాణం తీయదు గాని, అడుగు తీసి అడుగు వేయనీయదు.

ఒకేచోట ఒత్తిడి, రాపిడి ఎక్కువైతే లోపలి భాగాన్ని కాపాడడానికి చర్మం పై పొర మందమవుతుంది. పార పట్టిన చేతులు కాయలు కాయడం ఇలాంటిదే. వెడల్పుగా ఉండి, అంతగా నొప్పి లేనిది కాయ. చిన్నదిగా, గుండ్రంగా ఉండి, నడుమ గట్టి మొన లోపలికి దిగి, అడుగు వేస్తే ముల్లులా గుచ్చేది ఆనె. దానికి "వేరు" ఉంటుందనీ, అది తీస్తే మళ్లీ రాదనీ చాలామంది నమ్మకం. వేరేమీ ఉండదు. ఒత్తిడి పోనంతకాలం ఎన్నిసార్లు కోసినా మళ్లీ వస్తుంది.

తిన్నగా నొక్కినప్పటికంటే రెండు పక్కల నుంచి గిల్లినట్టు నొక్కితే ఎక్కువ నొప్పి పుడుతోందా? లోపల నల్లని చుక్కలున్నాయా? అది ఆనె కాక, వైరస్ వల్ల వచ్చే పులిపిరి కావచ్చు. వైద్యుడికి చూపించండి.

మరి ఇంట్లో ఏం చేయాలి? ముందు చెప్పులు మార్చండి. వేళ్లను నొక్కనివి, అడుగు మెత్తగా ఉన్నవి ఎన్నుకోండి. సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బుతాయి కనుక అప్పుడు కొంటే కొలత సరిపోతుంది. రాత్రి 10 నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో పాదాలుంచి, నురుగురాయితో మెల్లగా రుద్ది, తడి తుడిచి వాజలిన్ రాయండి. ఒక్కరోజులోనే అంతా తీసేయాలని చూడకండి. మందుల షాపుల్లో దొరికే ఆనె పట్టీలలో సాలిసిలిక్ ఆమ్లం ఉంటుంది. అది మంచి చర్మానికి తగిలితే పుండు పడుతుంది. జీడిగింజ రసం, జిల్లేడు పాలు కూడా చర్మాన్ని కాల్చి బొబ్బలెక్కిస్తాయి.

చక్కెర వ్యాధి ఉన్నవారికీ, పాదాలు తిమ్మిరెక్కి స్పర్శ తగ్గినవారికీ ఈ ఇంటి వైద్యమేదీ పనికిరాదు. వేడి నీళ్లు కాల్చినా, పట్టీ కింద పుండు పడినా వారికి తెలియదు. ఆ పుండు ముదిరితే వేలో, పాదమో తీసేయవలసి రావచ్చు. ఆనె చుట్టూ ఎరుపు, వాపు, చీము గాని, కాయ కింద నల్లగా నెత్తురు కమిలినట్టు గాని కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

ముఖం చూసుకునే అద్దాన్నే రోజూ ఒకసారి అరికాలి కింద కూడా పెట్టి చూసుకోండి. చూపు ఆననివారు ఇంట్లో మరొకరి చేత చూపించుకోండి.